బ్లాకోళ్ళ కమ్యూనిటీ

ఆ పుస్తకం ఆయన వలలో పడిందని చెప్పడం నాకు అలవాటు. ఉద్దానం సముద్రంలో తెప్ప మీద నిలబడి వల లాగుతుంటే చేపల మధ్య ఒక ఇంగ్లీషు నవల వచ్చిందనీ, ఆయన దాన్ని ఇసుకలో ఎండబెట్టి నాకు తెచ్చి ఇచ్చాడనీ పలాసలో చాలామందికి చెప్పాను. ఆ కథ విని ఒకాయన నాకు రెండో టీ కూడా చెప్పించాడు. అంతా అబద్ధం. పలాసలో జీడిపప్పు కొనబోతే, కొట్టువాడు పొట్లాలు కట్టడానికి చింపుతున్న పుస్తకం అది. అట్ట అప్పటికే లేదు. ఆఖరి కాగితాలు నాకంటే ముందు వచ్చినవాళ్ళ చేతుల్లో పొట్లాలై వెళ్ళిపోయాయి. మిగిలినదాన్ని అడిగి తెచ్చుకున్నాను.

ఆయన ఆరడుగుల మనిషని కూడా చెబుతుంటాను. నా భుజం దాటేవాడు కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న పలాస స్టేషన్లో నా పక్కన కూర్చున్న ఒక అమ్మాయి అదే నవల చదువుతోంది. కొత్త అచ్చు, మెరిసే అట్ట. ఓరచూపున రెండు వాక్యాలు చదివాను. అవి నాకు కంఠతా వచ్చు. "ముప్ఫై ఏళ్ళుగా దీన్ని ఎవరూ చదవలేదటండీ, ఈమధ్యే మళ్ళీ బయటికి తీశారట, ముందుమాటలో రాశారు" అందా అమ్మాయి.

"ఉద్దానంలో ఒకాయన వినేవాడమ్మా" అన్నాను.

నవ్వింది. ముసలాయన కోతలు కోస్తున్నాడనుకుని ఉంటుంది. ఆఖరి అధ్యాయం ఒక్కటీ చదివి ఇస్తానన్నాను. బండి వచ్చేవరకూ చదువుకోమంది. అందులో ఏముందో చెప్పాలంటే ముందు ఆ మనిషిని మీకు చూపించాలి.

తొంభైల చివర నేను కవిటి అవతల సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఇంగ్లీషు మేష్టర్ని. కాపురం సోంపేటలో. సాయంత్రం బడి వదిలాక బస్సు వచ్చేదాకా గంటకు పైగా ఖాళీ. ఆ గంట కమ్యూనిటీ హాలు అరుగు మీద గడిచేది. ఆయన ఆ హాలుకి కాపలాదారు. అంతకుముందు చేపల వేటకు వెళ్ళేవాడు. కిడ్నీ జబ్బు పట్టుకున్నాక తెప్ప ఎక్కడం మానేశాడు. తాగే నీళ్ళు కూడా గ్లాసులతో లెక్క. ఆ ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు ఎదురుపడితే "నీకెంతుంది, నాకు నాలుగు" అని రక్తపరీక్ష అంకెలు చెప్పుకోవడం అప్పటికే మామూలైపోయింది. ఆయన మాత్రం తన అంకె ఎవరికీ చెప్పేవాడు కాదు. అడిగితే సముద్రం వైపు చూసి, "ఇవాళ గాలి ఎటుందో సూసేరా?" అనేవాడు.

నవల చదివి వినిపిస్తున్నప్పుడు కూడా అదే ప్రశ్న. ఎవరైనా వీధిలోకి వస్తే "అప్పుడు గాలి ఎటు?" ఎవరైనా పోట్లాడుకుంటే "గాలి ఎటు?" నవలలో గాలి ఊసే లేదు. అది అమెరికాలో ఏదో రేవుపట్నంలో ఒక వీధి కథ. నేనే దక్షిణపు గాలి, తూర్పు గాలి పెట్టేవాణ్ణి. నేను గాలి తప్పు పెడితే పట్టుకునేవాడు. "ఆ గాలికి మనిసి అంత కోపంగా మాటాడడు మేస్టారూ. మల్లీ సూడండి."

ఇంకొక సంగతి. నవ్వవలసిన చోటు వస్తే ఆయన ముందే నవ్వేవాడు. ఇంగ్లీషు వాక్యం మీద నా వేలుండేది, దాన్ని తెలుగు చెయ్యడానికి నేను నోరింకా తెరవలేదు, ఆయన భుజాలు కదిలేవి. అక్షరమ్ముక్క రాని మనిషి. నా మొహం చూసి పసిగట్టేవాడని సర్దిచెప్పుకున్నాను. కానీ వింటున్నంతసేపూ ఆయన నా మొహం చూసేవాడు కాదు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి, దాని మీద కూర్చుని, తాళం వేసిన హాలు తలుపు వైపే చూస్తుండేవాడు.

అసలు ఈ చదవడం మొదలైంది ఒక మాటతో. ఒకరోజు నేను అరుగు మీద నాలో నేనే నవ్వుకుంటున్నాను.

"ఏటి మేస్టారూ, ఒక్కలూ నవ్వుకుంతన్నారు?"

"పుస్తకం మావా. అమెరికాలో బ్లాక్ కమ్యూనిటీ గురించి."

ఆయన వెనక్కి తిరిగి హాలు గోడను అరచేత్తో రెండుసార్లు చరిచాడు. "బ్లాకోళ్ళ కమ్యూనిటీయా? అక్కడా కట్టేరేటి ఇలాటిది?"

మండలాలు వచ్చి పదేళ్ళు దాటినా ఆ ఊళ్ళో పెద్దవాళ్ళకు ప్రభుత్వమంటే బ్లాకాఫీసే. ఎప్పటిదో తుఫాను తరువాత బ్లాకాఫీసువాళ్ళు ఆ హాలు కట్టారు. హాలు అనే మాట రాలిపోయి కమ్యూనిటీ మిగిలింది. "కమ్యూనిటీకాడ కలుద్దుం", "కమ్యూనిటీకి సున్నం ఎయ్యాల" అనేవాళ్ళు. ఆయన చెవికి బ్లాక్ కమ్యూనిటీ అంటే బ్లాకోళ్ళు కట్టించిన కట్టడం.

సరిదిద్దడం మేష్టరుగా నా పని. నేను దిద్దలేదు. "కట్టేరు మావా, ఇంతకంటే పెద్దది" అన్నాను. మరునాడు సోంపేటలో తోటి మేష్టర్ల మధ్య ఆయన గొంతు పెట్టి, గోడ చరిచి చూపిస్తే అందరూ పొట్ట పట్టుకున్నారు. నాకు కొత్త నవ్వులు కావలసినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చుని ఇంకో అధ్యాయం చదివేవాణ్ణి. ఆయనకు సాహిత్యం పరిచయం చేశానని ఒక సభలో చెప్పుకున్నాను కూడా. నేను చేసింది అది కాదు.

ఇక నవల. ఆ రేవుపట్నంలో నల్లవాళ్ళుండే వీధి ఒకటి. నిజమైన నల్లవాళ్ళకు మాత్రమే సాయం చేస్తామని నగరపాలకులు ప్రకటిస్తారు. ఎవరు నిజమో తేల్చడానికి వీధి పెద్దలు కమిటీ వేసుకుని హాల్లో కూర్చుంటారు. మొదట చామనఛాయ వాళ్ళను కొట్టేస్తారు. తరువాత బయటివాళ్ళను పెళ్ళాడిన వాళ్ళను. ఆ తరువాత యాస సరిగా లేనివాళ్ళను, మన పాటలు పాడనివాళ్ళను. కొట్టేసి కొట్టేసి చివరకు కమిటీలో ఒకరినొకరు కొట్టేసుకుంటారు. వీధిలో అందరికంటే నల్లటివాడు ఒక మంగలి. అందరి తలలూ అతని చేతి కిందివే. కానీ అతని భార్య ఏదో దీవి నుంచి వచ్చిన పరాయి మనిషి. పెద్దల ముందుకు వచ్చి నువ్వు మావాడివేనని రుజువు చేసుకో అని అతనికి కాగితం పంపుతారు.

పుస్తకంలో "కమ్యూనిటీ నిర్ణయించింది" అని పదే పదే వస్తుంది. నేను అలాగే చదివేవాణ్ణి. ఆయనకు అది మనుషులు కాదు, కట్టడం. తాళం వేసి ఉన్న కట్టడం నిర్ణయిస్తోంది. కట్టడం ఒప్పుకోవడం లేదు. కట్టడానికి కోపం వచ్చింది. అలా వినేసరికి ఆ నవల ఎంత భయంకరంగా ఉంటుందో నేను మెల్లిగా తెలుసుకున్నాను.

ఒకరోజు, మంచి ఎండ ఉంది ఇంకా, "కమ్యూనిటీ ఇంకా ఎటూ తేల్చలేదు" అన్న వాక్యం చదివాను. ఆయన లేచి వెళ్ళి హాలు తలుపుకి చెవి ఆనించాడు. లోపల విరిగిన బెంచీలు, పాత గోనెసంచులు తప్ప ఏమీ లేవు. చాలాసేపు అలాగే ఉండి వచ్చి కూర్చున్నాడు.

"ఇంకా తెమల్నేదు మేస్టారూ. ఒకడు మాత్రం మన పేర్లడుగుతున్నాడు."

"మన పేర్లా?"

"మనియే. సదవండి."

నాకూ లోపలి నుంచి మాటలు వినిపించాయని తరువాత చాలామందికి చెప్పాను. వినిపించలేదు. వినిపించలేదనడం కూడా పూర్తి నిజం కాదు, నేను చెవి పెట్టలేదు. ఆ రోజు బస్సు కోసం అరుగు మీద ఉండకుండా, ముందు స్టాపుదాకా నడిచిపోయాను.

ఆయన కూతురు నా దగ్గరే పది చదివింది. నెమ్మదైన పిల్ల. తల్లి ఇచ్ఛాపురం అవతలి ఒడియా ఊరి మనిషి, వాళ్ళూ వేట మీద బతికేవాళ్ళే. ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు. ఆ పిల్లకు టెక్కలిలో నర్సు చదువుకి పిలుపు వచ్చింది. కులం కాగితం కావాలన్నారు. మండల కచేరీకి వెళితే, మీ ఊరి పెద్దల సంతకాలతో ఉత్తరం తెమ్మన్నారు. పెద్దలు చూద్దాం చూద్దాం అని వారాలు తిప్పారు. తల్లి అటువైపు మనిషి, ఇంట్లో మాట అటువైపుది, మనవాళ్ళేనని ఎలా రాసిస్తాం అని ఒకాయన అడ్డం పడ్డాడు. ఆదివారం కమ్యూనిటీకి వచ్చి చెప్పుకో అని ఆయనకు కబురు పెట్టారు.

సరిగ్గా ఆ వారమే నవలలో మంగలికి కాగితం వచ్చింది. ఇలా కుదిరేలా నేను కథ అల్లుతున్నానని మీకు అనుమానం వస్తుంది. అనుమానించదగిన మనిషినే, ఒప్పుకుంటాను. కానీ ఇది నేను అల్లింది కాదు.

కాగితం వచ్చిన పేజీతో నా పుస్తకం అయిపోయింది. ఆ తరువాత కుట్టు దారాలే.

"ఎల్తాడా, ఎల్లడా?" అన్నాడాయన. ఆ రోజు తలుపు వైపు చూడలేదు, నా వైపే చూస్తున్నాడు. "నాకు తెలియాల మేస్టారూ. ఆదోరం మావోళ్ళు నన్నూ రమ్మన్నారు. పిల్ల సదువు దానిమీదున్నాది."

మిగతా కాగితాలు లేవని చెప్పడానికి ఎంతసేపు? నాకు నోరు రాలేదు. నా ఎదురుగా అంత ఆశగా కూర్చున్న శ్రోత నా జన్మలో ఇంకొకడు లేడు. లేని పేజీని తిప్పినట్టు వేళ్ళు ఆడించి, ఖాళీ మీద చూపు నిలిపి చదవడం మొదలుపెట్టాను. మంగలి వెళ్ళాడు. ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "నా ఒంటి రంగు మిమ్మల్నడిగి రాలేదు, మీ సంతకం లేదని పోదు" అన్నాడు. "నా కత్తి కింద తల వంచనివాడు మీలో ఎవడు?" అన్నాడు. పెద్దలు సిగ్గుపడి లేచి నిలబడి సంతకాలు పెట్టారు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అలగ్గాదు మేస్టారూ. ఆడు ఎల్లడు. సాపులోనే ఉంతాడు. కమ్యూనిటీలోన నలుగురు కూకుంతారు. కాళీ కుర్చీ ఏసుకుని దాన్నే అడుగుతారు, నువ్వెవుడివి, మీ ఆవిడెవుర్తీ అని. కుర్చీ పలకదు. అడిగీ అడిగీ ఆళ్ళకే బయమేస్తాది. ఆ బయంలోన సంతకాలెట్టీసి, కాగితం కుర్చీమీదెట్టీసి ఎల్లిపోతారు."

ఏదో చూసి వచ్చినవాడిలా చెప్పాడు. ఆ మాటను దులుపుకోవడానికి గట్టిగా నవ్వాను.

"పుస్తకంలో అలా లేదు మావా."

"మల్లొకసారి సూడండి."

"చూశాను. వెళ్ళాడనే ఉంది."

"అయితే మీరు ఎల్లమంతారు."

"వెళ్ళాలి మరి. దాక్కుంటే ఎలా?"

మంగలి అన్న మాటలు మళ్ళీ చెప్పమన్నాడు. నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. పెదాలు కదుపుతూ పట్టుకున్నాడు.

ఆదివారం వెళ్ళాడు. నేను అక్కడ లేను, సోమవారం తెలిసింది. ఛాతీ విరుచుకుని నిలబడి, నా మాటలన్నీ ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పాడట. రంగు దగ్గరికి వచ్చేసరికి నవ్వు మొదలైందట. ఎదురుగా ఉన్నవాళ్ళందరిదీ అదే రంగు కదా. కత్తి దగ్గరికి వచ్చేసరికి ఒకాయన "ఏట్రా, సినిమా డవిలాగు బాగా వొప్పసెప్పీసేవు. ఇంతకీ ఇంటికాడ ఏ బాస మాటాడతావో సెప్పు" అన్నాడట. సంతకాలు పడలేదు. గడువు దాటింది. టెక్కలి సీటు ఇంకెవరికో పోయింది.

సోమవారం సాయంత్రం ఆయన ఎప్పటిలాగే తువ్వాలు మడిచి కూర్చున్నాడు. ఆయనే అన్నాడు, కోపం లేకుండా: "మీ పుస్తకం తప్పు రాసింది మేస్టారూ."

ఆ మాట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పుస్తకమే తప్పు రాసింది.

కొన్నాళ్ళకు ఆ పెద్దల్లో ఒకాయన సోంపేట సంతలో కనిపించాడు. అడగకుండానే చెప్పాడు. "ఆడు రాకుండా ఉంటే సంతకాలెట్టీసి పంపీసేవోళ్ళం మేస్టారూ. జబ్బుమనిసి, ఆడపిల్ల. వొచ్చి ఎదర నిలబడి అలగ మాటాడీసరికి మాకూ రోసం వొచ్చీసింది." కొబ్బరికాయల గుట్ట పక్కన నిలబడి విన్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన చివరిరోజుల్లో పక్కనే ఉన్నానని, పాడె మోశానని కొందరికి చెప్పి ఉంటాను. అప్పటికి నాకు టెక్కలి వైపు బదిలీ అయింది. పదిహేను రోజులు ఆలస్యంగా తెలిసింది. తెలిసినా వెళ్ళలేదు. వెళితే ఆ పిల్ల ఎదురుపడుతుంది.

ఇప్పుడు పలాస స్టేషన్. ఆఖరి అధ్యాయం తొమ్మిది పేజీలు. బండి వస్తోందని మైకులో చెబుతుండగా నేను ఆరో పేజీలో ఉన్నాను. మంగలి వెళ్ళలేదు. షాపులో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. హాల్లో మిగిలిన కమిటీ ఖాళీ కుర్చీ వేసి ప్రశ్నలడుగుతోంది. కుర్చీ మాట్లాడదు. ఆ మౌనం వాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబుగా వినిపిస్తుంది. భయం పుడుతుంది. సంతకాలు చేసి, ముద్ర వేసి, కాగితం కుర్చీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. నేను చదువుతున్నది ఇంగ్లీషు. చెవిలో పడుతున్నది ఆయన గొంతు. "అడిగీ అడిగీ ఆళ్ళకే బయమేస్తాది."

అక్షరం పొల్లు పోలేదని రాద్దామని చెయ్యి లాగుతోంది. పోయింది. ఆయన నలుగురన్నాడు, పుస్తకంలో ముగ్గురే. మూడుని నాలుగు చెయ్యడం నాకు ఒక లెక్క కాదు. చెయ్యలేదు కాబట్టి మిగతాది నమ్మండి.

ఆ అమ్మాయి పుస్తకం తీసుకుని బండి ఎక్కింది. "బాగుందా ముగింపు?" అని కిటికీలోంచి అడిగింది.

మరునాడు పలాసలో బయలుదేరి, సోంపేటలో దిగి, ఆటో పట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. పిల్ల గురించి అడిగాను. జీడిపిక్కల బట్టీలో పప్పు ఒలిచే పనికి వెళ్ళిందనీ, పొద్దువాలాక ఆటోలో వస్తుందనీ చెప్పింది.

"అమ్మా, అప్పుడు మీ ఆయనకి నేను చదివింది అబద్ధం. పుస్తకంలో ఆఖరి కాగితాలు లేవు. నేనే కల్పించాను. నిన్న అసలుది చదివాను. ఆ మంగలి వెళ్ళలేదు. మీ ఆయన ఎలా చెప్పాడో అలాగే ఉంది" అన్నాను. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు, ఒక్క గుక్కలో అయిపోయాయి.

ఆమె చేతిలో దబ్బనం ఆగలేదు.

"కాగితాల్నేవని ఆయనకి తెల్సు బాబూ."

"తెలుసా?"

"ఇంటికొచ్చి సెప్పేడు. మేస్టారు ఉత్త సేతులాడించి సదివేరు, ఆ పుస్తకంలోన అది నేదు అన్నాడు. మరెందుకెల్తన్నావు అన్నాను. పుస్తకం ఎల్లమంటే ఎల్లకపోదును, మేస్టారు తనంతట తానన్నారు, సదువుకున్న మనిసి, మన పిల్లకి సదువు సెప్పినోడు, మన మంచికే అంతాడు, అన్నాడు."

సముద్రం మీద నుంచి గాలి ఎటు వీస్తోందో నాకు తెలియలేదు. పొద్దు కొబ్బరితోటల మీదికి వాలింది. నన్ను తెచ్చిన ఆటోవాడు రోడ్డు మీద హారన్ కొట్టి, "మేస్టారూ, సోంపేటకి ఇదే ఆకరు!" అని కేకేశాడు. పొమ్మని చెయ్యి ఊపాను.

నేను పీట మీదే కూర్చున్నాను. ఆ పిల్లతో ఏం చెప్పాలో లోపల పేర్చుకోబోయి, పేర్చడం మానేశాను. ఇంకో ఆటో వచ్చి ఆగింది. ఆరేడుగురు ఆడవాళ్ళు దిగారు. జీడి రసానికి నల్లబడిన వేళ్ళతో కొంగు సర్దుకుంటూ, నడివయసుకి వచ్చిన ఆ పిల్ల ఇటు నడిచి వచ్చింది. నన్ను చూసి, "అయ్యో మేస్టారూ, ఎంతసేపయ్యింది వొచ్చి? కూకోండి, కూకోండి" అంది.

నేను లేచి నిలబడ్డాను.